గుడి, చెరువు, కావ్యం

సప్తసంతానాలని మన పూర్వులు ఒక లెక్క చెప్పారు. కొడుకు, నిధి, గుడి, చెరువు, తోట, అగ్రహారం, కావ్యం - మనిషి పోయిన తర్వాత అతని పేరు నిలబెట్టేవి ఈ ఏడేనని వారి నమ్మకం. కావ్యావతారికలు పాఠం చెప్పేటప్పుడు మనం ఈ లెక్కను ఒక ఆచారంగా ఏకరువు పెట్టి ముందుకు సాగిపోతాం. కొడుకు చెడిపోవచ్చు, చెరువు తెగిపోవచ్చు, గుడి కూలిపోవచ్చు, కృతి మాత్రం చెడదని కవి కృతిపతికి నచ్చజెప్పటం అవతారికల్లో అలవాటైన వాదం. కృతి మీద కవికున్న మమకారాన్నీ, కృతిపతితో అతనికున్న అవసరాన్నీ పక్కన పెట్టి చూస్తే ఈ లెక్కలో మరొక సంగతి కనబడుతుంది. గుడినీ, చెరువునూ, కావ్యాన్నీ ఆ కాలంవారు తోబుట్టువులుగా చూశారు. మూడూ ఒకే మిగులు సంపదలోనుంచి పుట్టినవి. ఆ సంపద చెరువు కింద పండిన పంట.

ఈనాడు మనం ఆ తోబుట్టువులను విడదీశాం. గుడి పురావస్తు శాఖకో, దేవాదాయ శాఖకో పోయింది. చెరువు నీటిపారుదల శాఖ పాలయింది. కావ్యం విశ్వవిద్యాలయానికి, అందులోనూ తెలుగు శాఖకు మిగిలింది. ఒకరి పని ఇంకొకరికి పట్టదు. వానలు తీరు మార్చుకుంటున్న ఈ రోజుల్లో ప్రాచీన సంపదను వరదలనుంచి, తుఫానులనుంచి కాపాడటం గురించి ప్రభుత్వాలూ, అంతర్జాతీయ సంస్థలూ చాలా మాట్లాడుతున్నాయి. 2017లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఈ విషయం మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా వెలువరించింది. మాట్లాడటం మంచిదే. కాని ఆచరణలో ఈ విభజన అట్లాగే సాగుతున్నది. ఇది సాగినంతకాలం మూడింటిలో ఏ ఒక్కటీ దక్కదని నా వాదన. దక్కించుకోవాలంటే పూర్వులు తమ లెక్కలో చేర్చని ఎనిమిదోదాన్ని, అంటే వీటిని కట్టి, మళ్ళీ మళ్ళీ బాగుచేస్తూ వచ్చిన చేతులను, ముందుగా లెక్కలోకి తీసుకోవాలి.

నేను తెలుగు సాహిత్యం బోధించేవాణ్ణి. ఆనకట్టల సంగతి, రాళ్ళ సంగతి ఇంజనీర్లు చెప్పాలి గాని నీకేమి పని అని అడగవచ్చు. శాసనం చదవటం నా వృత్తిలో భాగం. మాటలు ఏ నిజాన్ని చెబుతున్నాయో, ఏ నిజాన్ని దాస్తున్నాయో చూడటం కూడా నా వృత్తిలో భాగమే. ఈ వ్యాసంలో ఆ రెండు పనులే చేస్తాను.

మొదట మాటల సంగతి చూద్దాం. వరద వచ్చిన మరునాడు పత్రికలు తిరగెయ్యండి. ప్రకృతి కన్నెర్ర చేసింది, వరుణుడు ఆగ్రహించాడు, ఊరు కకావికలమయింది అనే మాటలే ఎక్కడ చూసినా ఉంటాయి. ప్రబంధకవులు వర్ణనకోసం వాడిన సామగ్రిని మనం వార్త రాయటానికి వాడుతున్నాం. ప్రబంధంలో ఆ మాటల వల్ల ఎవరికీ నష్టం లేదు. వార్తలో ఉన్నది. కోపం వరుణుడిదయితే కాలువను పూడ్చినవాడెవడు, చెరువు శిఖాన్ని ఇళ్ళస్థలాలుగా కోసి అమ్మినవాడెవడు, మత్తడిని మూసినవాడెవడు అన్న ప్రశ్న రానే రాదు. వాన ప్రకృతిదే. ఆ వాన నీరు ఎవరి ఇంట్లో దూరాలో నిర్ణయించేది మాత్రం భూమి సంబంధాలు.

పైగా వాన కూడా ఇప్పుడు పూర్తిగా ప్రకృతిది అనటానికి వీలు లేదు. గాలి ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కితే అది మొయ్యగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. ఆ తేమ ఎప్పుడో ఒకప్పుడు దిగవలసిందే. నెలంతా పడవలసిన వాన ఒక్క రాత్రిలో పడటానికి ఒక కారణం ఇదే. గాలిని వేడెక్కించినవి రెండు వందల ఏళ్ళుగా బొగ్గునూ, చమురునూ మండించి లాభాలు గడించిన పెట్టుబడి దేశాలు. ఆ తర్వాత అదే దారి పట్టిన ఇతర దేశాల పెట్టుబడిదారులకు కూడా ఇందులో వాటా ఉన్నది. ఆ లాభాల్లో పాలు లేని పాలంపేట రైతు ఆ వాన కింద తడుస్తున్నాడు. 'వైపరీత్యం' అన్న మాట ఈ చరిత్రనంతా మింగేస్తుంది.

పాలంపేట పేరు ఊరికే ఎత్తలేదు. రామప్ప గుడి ఆ ఊళ్ళోనే ఉన్నది. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీన్ని నిలబెట్టినట్లు శాసనం చెబుతున్నది. 2021 జూలైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలోది ఈ ఊరు. అదే మండలంలోని లక్ష్మీదేవిపేటలో, 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణ రాష్ట్రానికి ఏడాది మొత్తం మీద పడే సగటు వాన 900 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అందులో మూడింట రెండు వంతులకు మించినది ఒక్క రోజులో పడ్డదన్నమాట. అదే రోజు పక్క జిల్లాలోని మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తితే జనం ఇళ్ళ కప్పులెక్కి కూర్చున్నారు. హెలికాప్టర్లు వచ్చి దించవలసి వచ్చింది. మరుసటి ఏడాది, 2024 డిసెంబరు 4న, ములుగు జిల్లాలోనే 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ప్రపంచ సంపదగా గుర్తింపు పొందిన మూడున్నర ఏళ్ళలోపే ఆ గుడి ఉన్న జిల్లా ఇటువంటి వాననూ, ఇటువంటి కదలికనూ చూసింది.

గుడి నిలిచి ఉన్నది. అది ఎట్లా నిలిచిందో తెలుసుకుంటే, దాన్ని ఎట్లా కాపాడాలో కొంత తెలుస్తుంది. పునాది గుంటను ఇసుకతో నింపి దానిమీద ఆ బరువునంతా ఎత్తారు. భూమి కదిలితే ఆ కదలికలో కొంత ఇసుక మింగుతుంది. శిఖరానికి వాడిన ఇటుక నీటిలో వేస్తే తేలేటంత తేలిక. పైన బరువు తగ్గించి, కింద మెత్తదనం పెట్టారు. ఈ పద్ధతి కనిపెట్టినవారి పేర్లు మనకు తెలియవు. గుడి శిల్పి పేరుతో రామప్ప అయిందని జనం చెప్పుకుంటారు. దైవం పేరూ, కట్టించినవాడి పేరూ వెనక్కు పోయి పనివాడి పేరు గుడికి నిలవటం మన దేశంలో అరుదు. అది చరిత్రో, జనశ్రుతో, ఏదయినా సరే, ఆ కీర్తి ఎవరికి చెందాలో జనం తీర్పు చెప్పారు.

అయితే ఇసుక పునాది బలమంతా ఆ ఇసుక చెదరకుండా ఉండటంలో ఉన్నది. కింద పారే నీరు ఇసుకను లాగివేసినా, చుట్టూ నేల తవ్వి వదులు చేసినా, పైన ఎంత అందమైన రాయి ఉన్నా కుంగిపోతుంది. గుడి లోపలి నేల ఇప్పటికే కొన్నిచోట్ల ఎగుడుదిగుడుగా ఉన్న సంగతి వెళ్ళి చూసినవారందరికీ తెలుసు. కాబట్టి ఆ గుడి భద్రత దాని ప్రాకారంలోపల లేదు. చుట్టూ ఉన్న నేలలో, ఆ నేలలో నీటి నడకలో ఉన్నది. గుడికి దగ్గరలోనే కాకతీయులనాటి రామప్ప చెరువున్నది. దానికి పైన వాగులున్నాయి, వాటి పైన అడవి ఉన్నది.

మన చట్టం ఏమంటున్నది? 1958నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆ పైన ఇంకొక 200 మీటర్ల దాకా అనుమతితోనే కట్టాలి. ఆక్రమణదారుణ్ణి ఆపటానికి ఈ గీత కావలసిందే. దీన్ని సడలించాలని ఎవరన్నా అంటే మనం ఎదిరించాలి కూడా. కాని వరద ఈ గీతను గుర్తించదు. అది పది మైళ్ళ ఎగువన తెగిన కట్ట దగ్గర బయలుదేరుతుంది. మన పాత చెరువులు చాలాచోట్ల గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరుతుంది. మత్తడి సరిగా ఉంటే ఆ గొలుసు ఎంత పెద్ద వాననయినా విడతలు విడతలుగా కిందికి దించుతుంది. పైన ఒక్క కట్టకు గండి పడితే అదే గొలుసు కింది కట్టలన్నింటినీ వరుసగా తెంపుతుంది. కట్టడాన్ని మీటర్లతో కొలిచి కాపాడాలనుకోవటం, పద్యంలో ఒక్క పాదాన్ని కత్తిరించి దానికి ఛందస్సు చెప్పబోవటం వంటిది.

వరంగల్లులో దీనికి ఉదాహరణ కళ్ళకు కట్టింది. 2020 ఆగస్టు వానలకు ఆ నగరం నీట మునిగింది. నాలాల మీద కట్టిన కట్టడాలే అందుకు ముఖ్యకారణమని అందరూ చెప్పుకున్నారు. మూడేళ్ళ తర్వాత మళ్ళీ మునిగింది. 2023 జూలై 29న భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడి ఆ దిగువవారిని ఇళ్ళు ఖాళీ చేయించవలసి వచ్చింది. ఒక్క చోట భద్రకాళి గుడి, భద్రకాళి చెరువు, పోతన పేరు పెట్టుకున్న పేట. సప్తసంతానాల లెక్కలో నేను చెప్పిన ముగ్గురు తోబుట్టువులూ అక్కడే ఉన్నారు. ఒకదానికి గండి పడితే మిగతా రెండూ వణికాయి. పోతన మీద ఉపన్యాసాలు చెప్పే మనం, ఆ పేటను కాపాడే కట్టకు రాతికట్టడం ఎట్లా ఉన్నదో ఎప్పుడయినా అడిగామా?

ఇప్పుడు శాసనం సంగతికి వస్తాను. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369నాటి సంస్కృత శాసనం ఒకటి ఉన్నది. విజయనగర పాలకుడు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ అనంతరాజసాగరమనే చెరువు కట్టించాడు. ఆ చెరువు ఇప్పటికీ ఉన్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆ శాసనం కేవలం దానశాసనం కాదు. అందులో మంచి చెరువుకు కావలసిన అంగాలు పన్నెండనీ, చెరువుకు ఉండకూడని దోషాలు ఆరనీ విడమరిచి చెప్పారు. కావ్యానికి గుణదోషాలు చెప్పే అలంకారశాస్త్రం మనకు తెలుసు. చెరువుకు కూడా గుణదోషవిచారం చేసిన ఈ శాసనాన్ని మాత్రం మన సాహిత్య చరిత్రలు పట్టించుకున్నది తక్కువ.

ఆ పన్నెండు అంగాల వరుస చూడండి. మొదటిది ధర్మాత్ముడూ, ధనవంతుడూ, కీర్తి కోరేవాడూ అయిన రాజు. రెండోది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. ఆ తర్వాత గట్టి నేల, తియ్యని నీరు తెచ్చే ఏరు, ఆనుకొని ఉన్న కొండ, మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతయిన విశాలమైన గర్భం, పొడుగాటి రాళ్ళు దొరికే గని మొదలయినవి. పన్నెండోది, అన్నిటికీ చివర, పని తెలిసిన మనుషుల గుంపు. రాజు మొదట ఉన్నాడు, కొండలూ రాళ్ళూ మధ్య ఉన్నాయి, పనివాడు రాయి తర్వాత ఉన్నాడు. భూస్వామ్య సమాజం తన స్వరూపాన్ని తానే ఇంత స్పష్టంగా రాసి పెట్టుకున్న సందర్భాలు తక్కువ. కాని అదే శాసనం ఆ గుంపు ఎంతో కూడా చెప్పింది: రోజూ 1000 మంది మనుషులు, 100 బండ్లు, రెండేళ్ళు. రాజు పేరుకు తోడుగా ఆ వెయ్యిమంది లెక్క రాతిమీద మిగిలింది. పేర్లు మిగలలేదు. వారి పని ఆరున్నర శతాబ్దాలుగా నీరు నిలుపుతున్నది.

ఇక దోషాలు. కట్టలోనుంచి నీరు ఊరటం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు గర్భంలో మిట్ట ఉండటం, నీరు తక్కువై పారవలసిన నేల ఎక్కువ కావటం, నేల తక్కువై నీరు ఎక్కువ కావటం - ఇవి ఆరు. వీటిలో మూడోదాన్నీ, ఆరోదాన్నీ మనం ఈనాటి కళ్ళతో చదవాలి. రెండు రాజ్యాల సరిహద్దున ఉన్న చెరువును ఏ రాజూ బాగుచెయ్యడు; తెగినప్పుడు నీదంటే నీదంటారు. ఈనాడు రాజ్యాల స్థానంలో శాఖలు వచ్చాయి. గుడి ఒక శాఖది, గుడి ముందరి కోనేరు మరొకరిది, కోనేటికి నీరు తెచ్చే కాలువ ఇంకొకరిది. నేల తక్కువై నీరు ఎక్కువ కావటమనే ఆరో దోషం శాసనకర్త కాలంలో చెరువుకు చోటు ఎన్నుకోవటంలో జరిగే పొరపాటు. ఈనాడు మంచి చోట కట్టిన చెరువులకు కూడా ఆ దోషం మనం తెచ్చిపెడుతున్నాం. శిఖాన్ని ఆక్రమించి నేల తగ్గిస్తున్నాం. గాలిని వేడెక్కించి నీరు పెంచుతున్నాం. ఆరు వందల ఏళ్ళనాటి రాతి మీద ఈనాటి ప్రమాదానికి నిర్వచనం దొరుకుతున్నది.

అదే కడప జిల్లాలో 2021 నవంబరు 19న అన్నమయ్య జలాశయం మట్టికట్ట కొట్టుకుపోయింది. పైనున్న పించా కట్ట తెగి ఆ నీరు కూడా దీని మీద పడ్డది. ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. చెయ్యేటి దిగువన ఊళ్ళు ఊళ్ళే పోయాయి, మనుషులు పోయారు. శాసనంలోని చిట్టచివరి అంగాన్ని, పని తెలిసిన మనుషులను, ఏళ్ళ తరబడి నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో అది చూపించింది. గేటుకు నూనె పెట్టేవాడూ, కట్ట మీద ఎలుకబొరియ చూసి పూడ్చేవాడూ లేని చోట ఎంత పెద్ద జలాశయమయినా నమ్మదగింది కాదు.

ఇక్కడ కొందరు పాతకాలం గొప్పదని చప్పట్లు కొడతారు. వారితో నాకు ఏకీభావం లేదు. రాజులు చెరువులు కట్టించింది ప్రజల మీద జాలితో కాదు. చెరువు కింద పన్ను ఎక్కువ వస్తుంది. తూముకు దగ్గరి పొలాలు పెద్ద కులాలవి. మాల మాదిగలకు, దక్కితే, కాలువ చివరి నేలో, మెట్ట చెలకో దక్కింది. కట్టకు గండి పడితే వెట్టికి పోవలసింది ఎవరో చెప్పనక్కరలేదు. ఈ నిజాలు చెప్పకుండా చెరువును వారసత్వమని కీర్తించటం భూస్వామ్యాన్ని కీర్తించటమే. అయితే ఆ వ్యవస్థలోనే బాగుచెయ్యటానికి ఒక ఏర్పాటు ఉండేదని కూడా చెప్పాలి. చెరువు తవ్వించినవారికి, బాగుచేసేవారికి దశబంధ మాన్యమని భూమి ఇచ్చేవారు. తూము ఎత్తి దించి నీరు పంచటానికి నీరటి ఉండేవాడు. అతనికి ఊరు పంటలో వాటా కొలిచేది. కంపెనీ ప్రభుత్వం పన్ను వసూలును మాత్రం తన చేతికి తీసుకొని, బాగుచేసే బాధ్యతను గాలికి వదిలింది. ఇంగ్లీషువారు పాత పాలకులనుంచి దోపిడీ శాఖలను స్వీకరించి ప్రజాపనుల శాఖను విడిచిపెట్టారని మార్క్సు 1853లోనే రాశాడు. స్వాతంత్ర్యం తర్వాత మన పాలకులు పెద్ద ఆనకట్టల మీద పెట్టిన దృష్టి ఊరి చెరువు మీద పెట్టలేదు. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ పేరుతో, రాష్ట్రంలో లెక్కకు తేలిన 46 వేల పైచిలుకు చెరువుల్లో పూడిక తీయటం మొదలుపెట్టారు. అది అవసరమైన పని. కాని పూడిక ఒకసారి తీస్తే సరిపోయేది కాదు. ప్రతి ఏడూ మత్తడినీ, తూమునూ చూసే మనిషికి ఏటా జీతం ఉండాలి.

కృతి చెడదన్న కవుల వాదాన్ని కూడా ఇదే తీరున పరీక్షించాలి. తాటాకు ఆయుర్దాయం కొద్ది శతాబ్దాలు. తేమ తగిలితే అంతకూడా ఉండదు. కావ్యాలు మనదాకా వచ్చాయంటే కారణం, ఏ తరానికి ఆ తరంలో ఎవరో పేద లేఖకుడు కూర్చొని మళ్ళీ కొత్త ఆకుల మీద రాసిపెట్టటం. రామప్ప శిల్పాల్లోని నాట్యభంగిమలనూ, జాయపసేనాని 13వ శతాబ్దంలో రాసిన నృత్తరత్నావళినీ దగ్గర పెట్టుకొనే నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్ళీ నిలబెట్టగలిగారు. రాతి మీది గీత వానకు అరిగిపోయినా, ఆకు మీది అక్షరం తేమకు చెరిగిపోయినా, రెండోది మూగపోయేది. చెరువుకు పూడిక తీసినట్లే కావ్యానికి ప్రతి తీయాలి. మూడింటి ఆయుర్దాయమూ పదార్థంలో లేదు, మళ్ళీ మళ్ళీ పడే శ్రమలో ఉన్నది.

కృష్ణా డెల్టాను ఈ దృష్టితో చూస్తే భయం వేస్తుంది. కూచిపూడి అక్కడ, క్షేత్రయ్య మొవ్వ అక్కడ, ఆముక్తమాల్యదకు ప్రేరణ అని చెప్పే శ్రీకాకుళాంధ్రదేవుని గుడి అక్కడ. 1977 నవంబరు 19న ఆ డెల్టా చివరనున్న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే పదివేల ప్రాణాలు పోయాయి. చచ్చినవారిని లెక్కపెట్టటానికే దిక్కు లేనిచోట, ఆ ఇళ్ళలో ఏ తాళపత్రం పోయిందో, ఏ ముసలమ్మతో ఏ పాట పోయిందో ఎవరు లెక్కపెడతారు? సముద్రమట్టం పెరుగుతున్నది. ఈ పని ఇప్పుడు ఆలస్యం చేస్తే తర్వాత చెయ్యటానికి ఏమీ ఉండదు.

ఇక ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది. మనుషులు వరదలో కొట్టుకుపోతుంటే రాళ్ళను కాపాడే మాట మాట్లాడతారా అని మన విద్యార్థి మిత్రులే అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. శ్రీశైలం జలాశయం చరిత్ర ఈ ప్రశ్నకు వెనక నిలబడి ఉన్నది. ఆ నీటిలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పదీసి ఆలంపురానికి తరలించి మళ్ళీ నిలబెట్టారు. ఏ రాయి ఎక్కడిదో తప్పకుండా చూశారు. అది గొప్ప పనే. కాని 1981లో సుమారు వంద గ్రామాల జనాన్ని ఖాళీ చేయించినప్పుడు ఏ కుటుంబం ఏ కుటుంబం పక్కన ఉండేదో, ఏ ఊరి జాతరకు ఏ ఊరివారు వచ్చేవారో ఎవరూ చూడలేదు. గుడి తన రాళ్ళతోసహా మళ్ళీ గుడి అయింది. ఊరు మళ్ళీ ఊరు కాలేదు. అటువంటి రక్షణను మనం కోరటం లేదు.

అయితే అదే ఆలంపురం మరొక పాఠం కూడా చెబుతున్నది. 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మాలయాలను శ్రీశైలం వెనుక నీటినుంచి కాపాడటానికి అడ్డుగోడ కట్టారు. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద ఆలంపురంలోకి కూడా వచ్చింది. ఊరు మునిగింది. మామూలు నీటికి కట్టిన గోడ అసాధారణమైన నీటిని ఆపలేదు. గుడిని ఒక్కదాన్ని కాపాడబోతే గుడీ దక్కదు, ఊరూ దక్కదు. ఎగువన నీటిని పట్టి విడతలుగా వదిలే ఏర్పాటు ఉంటే రెండూ దక్కుతాయి. రాయినా, మనిషినా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉన్నది. మోరంచపల్లిని ముంచకుండా ఆపగల కట్టలూ, కాలువలే రామప్ప వంటి గుడి కింది ఇసుకను కూడా కాపాడతాయి. రెంటికీ కావలసిన పని ఒకటే.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. ప్రాచీన కట్టడానికి సరిహద్దు మీటర్లతో పాటు నీటి పరివాహకాన్ని బట్టి కూడా గీయాలి. ఆ పరివాహకంలోని చెరువుల మత్తళ్ళను ఈనాటి వానకు తగినట్లు లెక్కకట్టి వెడల్పు చెయ్యాలి. కాకతీయులు కట్టిన కొలత కాకతీయులనాటి వానకు కట్టిన కొలత. శిఖం భూముల ఆక్రమణలు తొలగించేటప్పుడు గుడిసెవాడితో మొదలుపెట్టకుండా, లేఅవుటు వేసి అమ్మినవాడితో మొదలుపెట్టాలి. నీరటికి, కట్ట కావలి మనిషికి స్థిరమైన జీతం కావాలి. తరతరాలుగా రాయితో బతికిన వడ్డెర కుటుంబాల పిల్లలకు కట్టడాలను బాగుచేసే విద్యలో చోటు కావాలి. ఇవాళ వారు అదే రాయిని కంకరగా కొడుతూ ఊపిరితిత్తులు పాడుచేసుకుంటున్నారు. పల్లెల్లో మిగిలిన తాళపత్రాలకూ, ఊరి బయట పడి ఉన్న శాసనాలకూ వరద రాకముందే ఛాయాచిత్రాలు తీసి, ప్రతులు ఒక్కచోట కాకుండా దూరదూరాన రెండు మూడు చోట్ల దాచాలి.

ఇందులో చివరి పని మన కళాశాలలే మొదలుపెట్టవచ్చు. తెలుగు ఎం.ఏ. చదివే ప్రతి విద్యార్థీ తన ఊరి చెరువు కథ ఒకటి రాయాలి: కట్ట ఎప్పటిది, తూము ఎక్కడ, మత్తడి నీరు ఎటు పోయేది, ఇప్పుడు ఎటు పోతున్నది, శిఖంలో ఎవరి ఇళ్ళున్నాయి, నీరటి కుటుంబం ఇప్పుడు ఏం చేసి బతుకుతున్నది. అలంకారశాస్త్రం చదివిన కంటితో పోరుమామిళ్ళ శాసనం చదివితే, ఆ ప్రశ్నలు వేసే పద్ధతి వారికి దానంతట అదే దొరుకుతుంది. అటువంటి వంద కథలు ఒకచోట చేరిస్తే, ఏ ఊళ్ళో ఏ వానకు ఏది మునుగుతుందో చెప్పగల పుస్తకం తయారవుతుంది. దాన్ని చేతిలో పెట్టుకొని ప్రభుత్వాన్ని నిలదీయవచ్చు.

వారసత్వమనే మాట ఆస్తి తగాదాల్లో పుట్టిన మాట. ఆస్తికి వారసులమని చెప్పుకునేవారు దాని అప్పులకు కూడా బాధ్యులు. రామప్ప మాదని, కాకతీయులు మావారని సభల్లో చెప్పుకుంటున్నాం. పోరుమామిళ్ళ కట్టమీద రెండేళ్ళు పనిచేసిన వెయ్యిమందికి మనం బాకీ ఉన్నామని కూడా చెప్పుకోవాలి. వచ్చే వానాకాలం లోపల మన ఊరి మత్తడిని ఒకసారి చూసి రావటంతో ఆ బాకీ తీర్చటం మొదలుపెట్టవచ్చు.